దాచిన ఛార్జింగ్

"మామూలు పెన్సిల్ సెల్లు పెడితే పది ఫోటోలకే కెమెరా కండ్లు మూస్తది అన్నా" అన్నాడు ఉప్పల్‌లో కొట్టతను.

"మరి ఈ ఛార్జింగ్‌వి?" అన్నాడు ఉపేందర్.

"ఇవి నికెల్ కాడ్మియం. సగం ఉండంగ మల్ల ఛార్జింగ్ పెడితే బలం తగ్గుతది. గీ నికెల్ మెటల్ హైడ్రైడ్‌వి తీస్కో, మస్తు ఫోటోలొస్తయి. ఒక్కటే లోపం. వాడకుండ దాచిపెడితే వాటంతటవే దిగిపోతయి."

చివరి మాట ఉపేందర్ చెవికెక్కలేదు. అతని మనసు అప్పటికే నాచారంలోని ఇంట్లో, బిడ్డ తొట్టెల ఫంక్షన్ దగ్గర ఉంది.

"ఫ్యాక్టరీల పని జేసెటోనికి కెమెరా ఏంది?" అని ఇంట్లో బావ నరేందర్ ఎగతాళి చేశాడు. ఉపేందర్ సెల్లను ఛార్జింగ్ పెట్టాడు.

అతను పాకే వయసులోనే తండ్రి పోయాడు. ఒక్క ఫోటో కూడా లేదు. ఏటా పెత్రమాస నాడు, పెద్దలకు పెట్టుకునే పూట, తల్లి సాలమ్మ గోడ వారన చెంబుతో నీళ్లు పెట్టి, దానికే బొట్టు పెట్టి, దానికే దండ వేసేది.

చెంబుకు మొక్కుతూ పెరిగాడు ఉపేందర్. తన బిడ్డకు ఆ గతి పట్టకూడదు.

తొట్టెల నాడు ఇల్లంతా చుట్టాలు. ఉపేందర్ చూసి చూసి ఫోటో తీస్తున్నాడు. బిడ్డను తొట్టెలలో వేసేదాకా ఛార్జింగ్ మిగలాలి.

గేటు దగ్గర ఒక ముసలాయన నిలబడ్డాడు. బట్టల నిండా దూది పీచు.

"సాలమ్మ ఉన్నదా బిడ్డా?"

"లోపట పాపకు తానం చేపిస్తున్నది. కూసో పెద్దమనిషీ."

"టైం లేదు. భీవండి మగ్గాల కాడి నుంచి బట్టల లారీల వచ్చిన. గదిగో, డ్రైవర్ హారన్ కొడుతుండు."

పోతానన్న మనిషి పోలేదు. ఉపేందర్ మొహంలోకి అట్లాగే చూశాడు.

"నన్నొక ఫోటో తియ్యి బిడ్డా."

"తీస్తే నీకెట్ల పంపాలె?"

"నాకెందుకు? మీ ఇంట్ల ఉండాలె."

నరేందర్ నవ్వాడు. "తియ్యి బామ్మర్దీ, తాత పెండ్లిచూపులకు పంపుదాం."

అందరూ నవ్వారు. ముసలాయన కూడా నవ్వాడు.

దేవుడు ఏ రూపంలో వస్తాడో తెలియదని రోజూ దీపం ముందు అనుకునే ఇల్లే అది.

"బ్యాటరీ అయిపోయింది" అన్నాడు ఉపేందర్, కెమెరాను జేబులో వేసుకుంటూ.

"గట్లనా" అని ముసలాయన కాసేపు దగ్గాడు. "మల్ల వస్తనో రానో. భీవండోడు వచ్చిపోయిండని మీ అమ్మకు చెప్పు. ఆమెకెరికే."

ఖాళీ తొట్టెలకు దండం పెట్టి వెళ్లిపోయాడు.

ఆ హడావుడిలో ఉపేందర్ తల్లికి చెప్పడం మరిచాడు. తొట్టెల ఫోటోలన్నీ తీసినా సెల్లలో ఇంకా ఛార్జింగ్ మిగిలే ఉంది. మంచి పూటకు పనికొస్తుందని కెమెరాను బీరువాలో దాచాడు.

పెత్రమాస వచ్చింది. పొద్దున్నే ఫోన్ మోగింది. సాలమ్మ విని, గోడకు ఆనుకుని కూర్చుంది.

"మీ పెద్దనాయిన పోయిండంట బిడ్డా, భీవండిల."

"నాకు పెద్దనాయిన ఉన్నడా?"

"అన్నదమ్ములు కొట్లాడి ఎడబాసిన్రు. ఆ పేరు మల్ల ఎత్తొద్దని మీ నాయిన ఒట్టు పెట్టిండు. ఆయిన పోయినంక గూడ నేను ఎత్తలె."

"అమ్మా, తొట్టెల నాడు భీవండి నుంచి ఒకాయన వచ్చిండు. నీకు చెప్పమన్నడు, మరిసిన. ఫోటో తియ్యమన్నడు. అది మన ఇంట్ల ఉండాలె అన్నడు."

సాలమ్మ తలెత్తింది. "తీసినవా?"

"తియ్యలె. ఛార్జింగ్ అయిపోతదని దాచిన" అంటూ అతను బీరువా తెరిచి కెమెరా మీట నొక్కాడు. మళ్లీ నొక్కాడు. దాచిన ఛార్జింగ్ ఎప్పుడో దిగిపోయింది. తెర నల్లగానే ఉంది.

సాలమ్మ లేచి, చెంబు కడిగి నీళ్లు నింపి, ఎప్పటిలాగే గోడ వారన పెట్టింది.

"మీ పెద్దనాయినా మీ నాయినా కవలపిల్లలు బిడ్డా" అంది, చెంబుకు బొట్టు పెడుతూ, "పక్కపక్క నిలవడితే, లగ్గమైన కొత్తల నేను సుత గుర్తువట్టకపోతుంటి."