రాహేలు చేసిన రోలర్

"ఆ డ్రమ్ము కోయకన్నా. నాకు కావాలె."

గ్యాస్ కట్టర్ పట్టుకున్న కనకరాజు తలెత్తి చూశాడు.

నాచారంలోని అతని తుక్కు దుకాణం ముందు ఒకామె నిలబడి ఉంది. మూతపడిన ఏదో ఫ్యాక్టరీ నుంచి వచ్చిన పాత బాయిలర్ డ్రమ్మును చేత్తో తట్టి చూస్తోంది.

"గిది దేనికమ్మా నీకు?"

"రోలర్ చేస్త. ట్రాక్టర్ ఎనక కట్టి మట్టి తొక్కనీకి."

కనకరాజు నవ్వాడు. "ఎవరు చేస్తరు?"

"నేనే. చర్లపల్లిల గేట్ల షాపుల వెల్డింగ్ చేస్త. పేరు రాహేలు."

డ్రమ్ముకు బదులుగా అతని తుక్కు కోసిపెడతానంది. పనివాళ్లు దొరకని రోజులు. కనకరాజు సరేనన్నాడు.

షాపు పని ముగించుకుని సాయంత్రాలు వచ్చేది. ముందు అతని తుక్కు కోసేది. తర్వాతే తన పని.

డ్రమ్ము రెండు కొసలనూ మందపాటి రేకులతో మూసింది. పాత లారీ ఇరుసును మధ్యలోంచి దూర్చింది. గుట్టలో వెతికి రెండు బేరింగులు తీసి, కిరోసిన్‌లో కడిగి బిగించింది. ఇనుప ఛానెల్ ముక్కలు అతికి చుట్టూ చట్రం కట్టింది.

మొదటిసారి దొర్లించినప్పుడు రోలర్ ఎగిరెగిరి పడింది.

"ఇరుసు నడుమకు పడలే," అంది రాహేలు.

"జర ఎగిరితే ఏమైతది? నడుస్తది గద."

"ఎగిరితే ఒక దిక్కు గట్టిగైతది, ఒక దిక్కు గుల్లగుంటదన్నా. గుల్లగుంటే మళ్ల కుంగుతది."

అతుకులన్నీ కోసి మళ్లీ మొదటినుంచీ మొదలుపెట్టింది.

"కిరాయికి తిప్పుతవా?" అడిగాడు కనకరాజు.

"లేదన్నా."

"మరి?"

ఆమె ముఖానికి అద్దం అడ్డం పెట్టుకుని వెల్డింగ్ రాడ్ అందుకుంది.

కనకరాజు మళ్లీ అడగలేదు. ఆమె ఎవరో, ఇంట్లో ఎవరున్నారో కూడా అడగలేదు.

ఒక ఆదివారం పొద్దున ఉప్పల్‌లోని తన ఇంట్లో టీ తాగుతుంటే కిటికీ అద్దాలు సన్నగా అదిరాయి. కనకరాజు గేటు దగ్గరికి వచ్చాడు.

అదే రోలర్. కడుపునిండా ఇసుక, నీళ్లు నింపుకుని ట్రాక్టర్ వెనక మెల్లగా దొర్లుతూ అతని గల్లీలోకే వస్తోంది. ట్రాక్టర్ మీద అప్పుడప్పుడు కాలనీకి నీళ్ల ట్యాంకర్ తెచ్చే దమ్మాయిగూడ జ్ఞానయ్య ఉన్నాడు. రాహేలు ముందు నడుస్తూ రాళ్లు ఏరి పక్కన పడేస్తోంది.

ఎండాకాలం ఆ కాలనీ గల్లీలన్నీ తవ్వి డ్రైనేజీ పైపులు వేశారు. కాంట్రాక్టరు మట్టిని గుంతల్లోకి వదులుగా తోసి వెళ్లిపోయాడు. అప్పటినుంచీ స్కూటర్ చక్రాలు దిగబడుతూనే ఉన్నాయి.

చప్పుడుకు కాలనీ సెక్రటరీ విజయభాస్కర్ బయటికొచ్చాడు. కాకినాడ వైపు నుంచి వచ్చి స్థిరపడ్డ మనిషి.

"ఎవరమ్మా నువ్వు? కాంట్రాక్టర్ పంపించాడా?"

"లేదు సార్. నేనే వచ్చిన."

"ఎవరినడిగి వచ్చావు? ఈ అదురుకి గోడలు పగిలితే నువ్వు కట్టిస్తావా?"

"మెల్లగ తొక్కుతం సార్. ఏం కాదు."

"రేపొచ్చి డబ్బులడిగితే ఇచ్చేవాళ్లెవరూ లేరిక్కడ."

"పైసలొద్దు సార్."

"ఊరికే ఎవరు చేస్తారమ్మా ఈ రోజుల్లో? అసలు సంగతేంటో చెప్పు."

రాహేలు కనకరాజు వైపు చూసింది.

ఈమె నాకు తెలుసు అని ఒక్క మాట అంటే సరిపోయేది. సెక్రటరీతో గొడవెందుకులే అనుకుని అతను గేటు వేసుకుని లోపలికి నడిచాడు.

విజయభాస్కర్ గొంతు చాలాసేపు వినిపించింది. ఆమె గొంతు ఒక్కసారీ వినిపించలేదు. రోలర్ మాత్రం ఆగలేదు. గల్లీ మలుపు దగ్గర ముందుకూ వెనక్కూ చాలాసార్లు తిరిగి, మధ్యాహ్నానికి వెళ్లిపోయింది.

ఆ తర్వాత ఆమె దుకాణానికి రాలేదు.

వానలు పడ్డాయి. పక్క గల్లీల్లో పూడ్చిన చోటల్లా నేల కుంగింది. ఒక స్కూలు ఆటో ఒరిగి ఇద్దరు పిల్లలకు దెబ్బలు తగిలాయి. కనకరాజు గల్లీలో నేల మాత్రం బిగిసి అలాగే ఉంది.

విజయభాస్కర్ గొడుగు వేసుకుని దుకాణానికి వచ్చాడు.

"కనకరాజు గారూ, ఆవిడ ఆ రోలర్ మీ దగ్గరే చేసిందటగా. నాకు తెలియక నాలుగు మాటలన్నాను. మీటింగుకి పిలిచి శాలువా కప్పుదామనుకుంటున్నాం."

"నేను పోయి తోల్కొస్త సార్," అన్నాడు కనకరాజు. తనూ ఆమెకు ఒక మాట చెప్పాల్సి ఉంది.

దమ్మాయిగూడలో జ్ఞానయ్య ఇంటి పక్కన, రేకుల కింద రోలర్ కనిపించింది.

"రాహేలు ఏది?"

"ఊరికి వోయిందన్నా. ఇంక పట్నం రానన్నది."

"రోలర్ నీకమ్మిందా?"

"ఊకెనే ఇచ్చింది. యాడ కుంగినా పోయి తొక్కుమన్నది. పక్క గల్లీలు కూడ తొక్కుదమనుకున్నం. ఆ రోజు సార్ గట్ల మాట్లాడినంక, ఇంక పోదాం పా అన్నది."

కనకరాజు రోలర్ మీద చెయ్యి వేశాడు.

"అన్ని గల్లీలుండంగ ముందుగాల మా గల్లీకే ఎందుకొచ్చింది?"

జ్ఞానయ్య అతని ముఖంలోకి చూశాడు.

"పైపులేసేటప్పుడు మీ గల్లీ మలుపు కాడ గుంత కూలింది. యాదికుందా?"

"ఉంది. మస్తు దినాలు పని ఆపిన్రు. నా బండి ఇంటిదాక రాకపాయె."

"మట్టి కింద వడి ఒకడు సచ్చిపోయిండు."

"అవును. ఎవరో కూలి మనిషి..." అంటూనే కనకరాజు ఆగిపోయాడు.

"జీవన్ కుమార్. నా తమ్ముడు," అన్నాడు జ్ఞానయ్య. "రాహేలు వాని పెండ్లాం."