నీళ్లు కలపని కాఫీ

"సీసాలో కాఫీ సగానికొచ్చిందేంటత్తయ్యా?"

"గ్లాసు నిండా తాగానమ్మా. ఫ్రిజ్‌లో ఉంది, తాగమని నువ్వేగా చెప్పి వెళ్లావు." కుర్చీలో కూర్చున్న అత్తగారి వేళ్లు వణుకుతున్నాయి. "అప్పట్నుంచీ గుండె దడదడలాడుతోంది."

కోడలికి పైప్రాణాలు పైనే పోయాయి. కాఫీ పొడిని రాత్రంతా చన్నీళ్లలో నానబెట్టి వడకట్టిన చిక్కటి డికాక్షన్ అది. గ్లాసు అడుగున కాస్త పోసుకుని, మిగతాదంతా నీళ్లో పాలో కలుపుకోవాలి. ఆ ముక్క చెప్పడమే మర్చిపోయింది. ఈవిడకేమన్నా అయితే? ఏమీ కాకపోయినా, సంగతి మొగుడి చెవిన పడితే?

డాక్టరుకు ఫోన్ చేసింది. నీళ్లు తాగించి పక్కనే కూర్చోమన్నాడాయన. నొప్పిగానీ ఆయాసంగానీ మొదలైతే క్షణం ఆగకుండా తీసుకొచ్చేయమన్నాడు.

"నొప్పేమన్నా ఉందా అత్తయ్యా?"

"లేదు, దడే."

కోడలు నీళ్లందించింది. "అంత చేదు ఎలా మింగారు? ఒక్క గుక్క తాగి వదిలేయకపోయారా?"

అత్తగారు తలెత్తలేదు. "పారబోస్తే నీకు కోపమొస్తుందేమోనని భయమేసింది."

కోడలు ఖాళీ గ్లాసు అందుకుంది. అత్తగారే మళ్లీ, చాలా మెల్లగా అన్నారు.

"ఇది అబ్బాయికి చెప్పకమ్మా."

ఇందాకట్నుంచీ ఆవిడనెలా అడగాలా అని కోడలు నాలుక చివర పెట్టుకున్న మాట అదే.