మందు పెట్టిన చేయి

బడి నుంచి వస్తూనే మనవరాలు వాంతి చేసుకుంది. ఏమైందే అని అడిగితే, "కింద టైలర్ మావయ్య మందు పెట్టాడు" అంది.

"ఎందులో పెట్టాడే?" అన్నాను. అంతలోనే మా అబ్బాయి ఇనుప కడ్డీ అందుకున్నాడు.

"ముందు దాన్ని చెప్పనివ్వరా."

"నువ్వూరుకో అమ్మా. వాడి చూపే నాకు నచ్చదు."

కింద కుట్టుమిషను చప్పుడు ఆగిపోయింది. టైలర్ కుడిచేయి విరిగిందని మెట్ల మీద ఎవరో అన్నారు.

నేను పిల్లకు గౌను మార్చాను. మోకాలికి గుడ్డపీలిక కట్టు, అంచులు మడిచి కుట్టి ఉంది. కింద పచ్చటి మలాము.

"పడ్డాను నాన్నమ్మా. రక్తం చూసి కడుపులో తిప్పింది. మంట పుట్టకుండా ఊదుతూ పెట్టాడు. రేపు కట్టు మారుస్తానన్నాడు. వెళ్ళనా?"