పది ఆంపియర్లు

నాకు అక్షరాలు ముసలితనంలో వచ్చాయి. తప్పులుంటే సర్దుకుని చదవండి. రాయడం నత్తనడకే గానీ కథ మాత్రం చిన్నదే.

"దిగవే కిందికి! నీ ఇస్త్రీపెట్టె మళ్ళీ నా ఫ్యూజు తినేసింది!"

మాస్టారి కేకకు పక్కవాటా వాళ్ళు కూడా మెట్ల దగ్గరికి వచ్చేశారు. ఆయన పిల్లలకు ఫిజిక్సు చెప్పి రిటైరైన మనిషి, ఆ ఇంటి యజమాని. ఆయన లెక్కలో లోకంలో ఉన్నవి రెండే జాతులు: ఓమ్ సూత్రం వచ్చినవాళ్ళు, పశువులు.

మేడమీద గదిలో అద్దెకుండే కుట్టుపని అమ్మాయి మెడలో టేపు వేలాడుతుండగా తాపీగా దిగింది.

"పెట్టె ఒక్కటేగా పెట్టాను మాస్టారూ."

"ఒక్కటో వందో ఇప్పుడే తేలుస్తా. ఏమే, జీరో బల్బూ! ఇంట్లో ఫ్యాన్లూ లైట్లూ ఫ్రిజ్జూ అన్నీ ఆపు!"

జీరో బల్బంటే ఆయన భార్య. రాత్రిళ్ళు గోడకు మినుకుమినుకుమనే ఆ బుల్లి దీపంలాగా ఉన్నా లేనట్టే అని ఆయనే పెట్టిన పేరు. ఆమె అవన్నీ ఆపేసి వచ్చి, ఒక చేత్తో టీ, ఒక చేత్తో బిస్కెట్ల పళ్ళెం పట్టుకుని నిలబడింది.

మాస్టారు ముక్కుపొడి దట్టించి, ఫ్యూజుకు ఈసారి కాస్త లావు తీగ చుట్టాడు, లెక్క తేలేదాకా ఆగాలి కదా అని. పటకారులాంటి మీటరుతో మెయిన్ తీగను పట్టుకున్నాడు.

"పదిహేను ఆంపియర్లు. నువ్వెళ్ళి పెట్టె ఆపు." అమ్మాయి పైకెళ్ళి ఆపి వచ్చింది. "ఇప్పుడు పది! అంటే నీ పెట్టె లాగేది ఐదే. అన్నీ ఆపినా ఇంకో పది ఎక్కడికి పోతున్నాయి?"

"నాకేం తెలుసు మాస్టారూ?"

"నీకేం తెలుస్తుందిలే. వోల్టేజి రెండువందల ముప్పై. పదితో భాగిస్తే ఇరవైమూడు ఓములు, అది రెసిస్టెన్సు. పదితో గుణిస్తే రెండువేల మూడొందల వాట్లు, అది పవరు. దీపం ఇంత తినదు, ఫ్యానూ తినదు. ఎక్కడో కాయిలు ఎర్రగా కాలుతోంది. నీ గదిలో దొంగ హీటరుంది!"

దడదడా మెట్లెక్కి గదంతా వెతికాడు. మంచం ఎత్తాడు, గుడ్డల మూట విప్పాడు. హీటరు లేదు. బల్లమీద ఇస్త్రీపెట్టె మాత్రం ఇంకా పొగలు కక్కుతోంది. ఇస్త్రీ చెయ్యడానికి ఒక్క జాకెట్టు ముక్కయినా లేదు.

"చూడండయ్యా! చెయ్యడానికి గుడ్డపీలిక లేదు, పెట్టె మాత్రం భగభగ! బుర్రలేనివాళ్ళకు కరెంటిస్తే ఇంతే!"

కిందికి దిగి, పళ్ళెంలోంచి ఓ బిస్కెట్టు నోట్లో వేసుకున్నాడు. "ఇదిగో, పనంటే ఈ బేకరీవాడిది. పువ్వు అచ్చు ఎంత ముచ్చటగా దిగిందో చూడు. నువ్వూ ఉన్నావు, టీ కూడా కాయలేవు."

భార్య తల వంచుకుంది. మాస్టారు అమ్మాయివైపు తిరిగాడు.

"ఈ ఇంట్లో మాట నాది. పోయినేడు మా జీరో బల్బు బేకరీలో పనికి పోతానంది. నేను పొమ్మనేదాకా గడప దాటొద్దన్నాను. దాటిందా? అదీ నా మాటంటే! ఆ పది ఆంపియర్లు ఎవరివో వాళ్ళు చీకటిపడేలోగా ఈ ఇంట్లోంచి పోవాలి!"

"ఎవరైనా సరేనా? తర్వాత మాట మార్చరుగా?" అంది అమ్మాయి.

"ఎవరైనా సరే! నలుగురూ విన్నారు. పో!"

భార్య టీ గ్లాసు మెట్టుమీద పెట్టింది.

"ఆ పది ఆంపియర్లు నావండీ."

మాస్టారికి నవ్వు ఆగలేదు. "నీవా? జీరో బల్బుకి పది ఆంపియర్లా!"

ఆమె వెళ్ళి పాతసామాన్ల గది తలుపు తీసింది. లోపల ఓవెన్ ఎర్రగా మండుతోంది. పక్కన రేకుల నిండా పువ్వు అచ్చు బిస్కెట్లు. ఆ కమ్మటి వాసన వీధంతటికీ తెలుసు, ముక్కుపొడితో పూడిపోయిన ఆయన ముక్కుకు తప్ప. గుమ్మం పక్కనే తాడు కట్టిన ఆమె బట్టల పెట్టె.

మాస్టారు పళ్ళెంలోని పువ్వునూ రేకులోని పువ్వునూ మార్చి మార్చి చూశాడు. పక్కవాటాలో ఎవరో కిసుక్కుమన్నారు.

"ముందు... ముందు ఆ స్విచ్చి కట్టు. ఈసారికి వదిలేశానులే."

"సగంలో ఆపితే పాడైపోతాయండీ. ఈ వాయి దింపి వెళ్తాను. బేకరీవాళ్ళు గది కూడా ఇచ్చారు. మీరు పొమ్మనందే గడప దాటకూడదని ఇన్నాళ్ళూ ఆగాను."

ఆమె రేకు దింపి, పెట్టె చేతపట్టుకుని గడప దాటుతుంటే మేడమీంచి కుట్టుపని అమ్మాయి వంగి చూసింది.

"అక్కా, రేపట్నుంచి ఇక మాస్టారి ఫ్యూజు పోగొట్టడానికి నేను ఉత్తి ఇస్త్రీపెట్టె కాల్చక్కర్లేదుగా?"

— అప్పట్లో ఆ పక్కవాటాలో ఉన్న పెద్దమ్మ, వయసు డెబ్బై ఒకటి. ఇప్పుడు ఉంటున్నది చిన్నకూతురి దగ్గర.