పాపకు మింగడం వచ్చు

కొద్దిరోజులుగా పాప పాలు ముట్టడం లేదు.

"అన్నప్రాశన కాకుండా బిడ్డ నోట్లో మెతుకు పడకూడదు. చాటుగా ఏమన్నా పెడతాండావా అమ్మా?" అని అత్త రామలక్ష్మమ్మ రోజూ ఆరా తీసేది. తన పాలే బాగాలేవేమోనని కోడలు ప్రమోద వంటింట్లో కళ్లు తుడుచుకునేది.

అన్నప్రాశన రోజు రానే వచ్చింది. పాయసం నాలుకకు రాస్తే పాప మొహం తిప్పుకుంది. పక్క విస్తరిలోని రాగిముద్దను చూసి మాత్రం కాళ్లూ చేతులూ ఆడించింది. ప్రమోద చిటికెడు ముద్ద తీసి, చారులో ముంచి నోట్లో పెట్టింది. మొదటిసారి కదా, ఉమ్మేస్తుందని చుట్టాలంతా చూస్తున్నారు.

పాప గుటుక్కున మింగి, మళ్లీ నోరు తెరిచింది.

ప్రమోదకు నవ్వు ఆగలేదు. "అత్తా, బెంగళూరులో పెరిగినదాన్ని, ముద్ద నమలకుండా మింగేది నాకు ఇంకా రాలేదని మీరే నవ్వుతారు గదా. మరి దీనికెవరు నేర్పిచ్చినారు?"

"రక్తంలోనే ఉంటాదిలేమ్మా," అంది రామలక్ష్మమ్మ, కుడిచెయ్యి కొంగుచాటున దాచుకుంటూ.

పాప తల్లి ఒడిలోంచి వంగి, ఆ కొంగు పట్టి లాగి, నోరు తెరిచింది.