ముందు సీటు చలిమనిషి

కొండ రోడ్డు సగం ఎక్కేసరికి టాక్సీలో ఇంజన్ వేడి చూపే ముల్లు పైకి లేచింది.

ముందు సీటులోని పెద్దమనిషి దాన్ని గమనించాడు. ఇంజన్‌కు కొత్తగా ఏమైనా తగిలించావా బాబూ అని అడిగాడు.

డ్రైవర్ మీసం దువ్వినంత పని చేశాడు. ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజన్ ఆయిల్ కాగిపోతోందని, రేడియేటర్ నీళ్ళు దాని పక్కనుంచి పారేలా చిన్న కూలర్ తనే బిగించానని చెప్పాడు. ఆయిల్ వేడిని ఆ నీళ్ళే లాగేసుకుంటాయట.

“మంచిదే. కానీ ఆ వేడంతా మొయ్యడానికి నీ రేడియేటర్...”

“బండి నాదండీ. మీరు హాయిగా కూర్చోండి, చాలు.”

వెనక సీటులో ఎవరో కిసుక్కుమన్నారు. పెద్దమనిషి మళ్ళీ ముల్లు వైపు చూశాడు.

కాసేపాగి, “చలేస్తోంది బాబూ, హీటర్ వెయ్యి” అన్నాడు.

మండు వేసవి. డ్రైవర్ ఆయన్ని ఎగాదిగా చూశాడు. అయినా కొండ మీది ఆసుపత్రిలో ఉన్న అక్క కోసం రోజూ వచ్చే మనిషి. ఖాయం బేరాన్ని చేతులారా ఎందుకు పోగొట్టుకోవాలి? హీటర్ వేశాడు.

అది మొదలు, ఎత్తు రాగానే ఆయనకు చలి పట్టుకునేది. వెనకవాళ్ళు అద్దాలు దించి విసుక్కునేవారు, దుప్పటి తెచ్చుకోమని వెక్కిరించేవారు. డ్రైవర్ ఆయనకు చలిమనిషి అని పేరు పెట్టాడు.

ముల్లు మాత్రం మళ్ళీ లేవలేదు. అదంతా తన కూలర్ చలవేనని డ్రైవర్ స్టాండులో కనిపించిన ప్రతివాడికీ చెప్పుకున్నాడు. చెప్పుకోడా మరి? ఇన్నేళ్ళూ ఇంకొకరి బండి తోలి, ఇప్పుడిప్పుడే సొంతానికి కొనుక్కున్న పాత కారు. ఇల్లు దాని మీదే నడుస్తోంది. ఇంజన్ పోతే మళ్ళీ ఆ ఓనరు గుమ్మమే ఎక్కాలి.

ఉన్నట్టుండి చలిమనిషి రావడం మానేశాడు. పీడ వదిలిందని వెనకవాళ్ళు సంబరపడ్డారు.

ఆ వారమే, కొండ సగం ఎక్కేసరికి, బానెట్ కింద నుంచి ఆవిరి చిమ్మింది.

మెకానిక్ ఇంజన్ విప్పి చూశాడు. వేడికి లోపలంతా వంగిపోయింది, ఇక పనికిరాదన్నాడు.

“ఆయిల్ వేడి తెచ్చి నీళ్ళ నెత్తిన పెట్టావు. రేడియేటర్ ఏమో పాతదే, చిన్నది. రెండు వేడులూ అదెక్కడ చల్లారుస్తుంది? అసలు ఇన్నాళ్ళూ కొండ ఎలా ఎక్కావు తమ్ముడూ?”

డ్రైవర్ మెల్లిగా అన్నాడు, “హీటర్ వేసుకుని.”

“అదీ సంగతి. హీటర్ ఆ నీళ్ళ వేడినే లాగి కారులోకి ఊదుతుంది. ఎవరోగాని తెలిసినవాళ్ళే చెప్పారు నీకు.”

మర్నాడు డ్రైవర్ బస్సెక్కి ఆసుపత్రికి వెళ్ళాడు. చలిమనిషి అక్కగారు ఇంటికి వెళ్ళడానికి సంచి సర్దుకుంటోంది. దూరాన ఎక్కడో పని దొరికి తమ్ముడు వెళ్ళిపోయాడని చెప్పింది.

ఏమడగాలో తోచక, “ఆయనకు చలి తగ్గిందా అమ్మా?” అన్నాడు.

ఆవిడకు నవ్వొచ్చింది.

“చలా, వాడికా? ఈ కొండ మీదే ఏళ్ళ తరబడి బస్సు నడిపి, ఇంజన్ సెగకు కాగి కాగి, వేడంటేనే పడదు నాయనా వాడికి. రోజూ ఏ కారులో వచ్చేవాడోగాని, ముందు ఆ కుళాయి కింద తల పెడితే తప్ప నా దగ్గర కూర్చునేవాడు కాదు.”