నలభై ఒకటో ఫారం

"ఈవిడ మనిషా, మరమనిషా?" అన్నారు డైరెక్టరుగారు, చేతిలోని ఫారాన్ని బల్లమీద పడేసి.

"మనిషే సార్," అంది అసిస్టెంటు.

ప్రభుత్వ ఆర్థిక పరిశోధన విభాగానికి డైరెక్టరంటే మాటలు కాదు. జనం ఏ పనికి ఎన్ని నిమిషాలు తగలేస్తున్నారో ఆయనకి కంఠతా వచ్చు. ఆఫీసులో అందరూ చాటుగా ఆయన్ని 'స్టాప్‌వాచ్' అంటారు. ఆ సంగతి ఆయనకీ తెలుసు. లోలోపల మురిసిపోతుంటారు కూడా.

అలాంటాయన కింద ఈ అసిస్టెంటు పడింది. పట్టికలు వెయ్యడంలో ఆమెకి తిరుగులేదు. కానీ రోజూ పది దాటి ఏడు నిమిషాలకి చెప్పులు టపటపలాడించుకుంటూ వస్తుంది. మూడు మెమోలిచ్చినా మార్పు లేదు. కారణం అడిగితే నవ్వి ఊరుకుంటుంది. ఇంట్లో టీవీ ఎక్కువైందని డైరెక్టరుగారు తేల్చేసుకున్నారు.

ఇప్పుడు వాళ్ళ ముందున్నది నీళ్ళ సర్వే. నీళ్ళు పట్టుకోవడానికి ఒక్కో ఇంటికి రోజుకి ఎంతసేపు పోతోంది, అందువల్ల ఉద్యోగాలకీ పనులకీ ఎంత నష్టం అన్నది లెక్క. సర్వే జరిగిన పేటలో సగటు రెండు గంటలు దాటితే కొత్త పైపులైను వేస్తారు. దాటకపోతే ఇంకో అయిదేళ్ళు ట్యాంకరే గతి. రిపోర్టు సాయంత్రం అయిదింటికల్లా కమిటీకి చేరాలి.

ఫారాల మీద పేర్లుండవు, నంబర్లే. ఏ ఫారం ఎవరిదో తెలిసినా ఆఫీసులో ఎవరూ నోరెత్తకూడదు. అది డైరెక్టరుగారు స్వయంగా పెట్టిన నిబంధన.

"నువ్వే చూడమ్మా," అన్నారాయన నలభై ఒకటో ఫారం మీద వేలు పెట్టి. "నీళ్ళకి మూడు గంటల పది నిమిషాలు. అదీ మూడో అంతస్తుకి మోసుకుంటూ. ఆపైన ఆఫీసు ఎనిమిది గంటలు, బస్సులో రెండు, వంటా పిల్లలూ బట్టలూ కలిపి ఆరు. నిద్రకి అయిదు గంటలు కూడా మిగల్లేదు. సర్వేకి వెళ్ళినాయన్ని ఎవరో బాగా ఆటపట్టించారు."

"నిజమే అయ్యుండొచ్చు కదా సార్?"

"నిజమైతే ఆవిడ ఆఫీసుకి టైముకెలా వెళ్తుంది?"

"ఆ ప్రశ్న మన ఫారంలో లేదు సార్."

డైరెక్టరుగారు కళ్ళద్దాలు సవరించుకున్నారు. "ఇదొక్కటీ తీసేస్తే పేట సగటెంత?"

"గంటా యాభై తొమ్మిది నిమిషాలు. ఉంచితే రెండు గంటలా ఒక నిమిషం," కాగితం చూడకుండానే చెప్పింది.

"ఆ ఒక్క నిమిషం కోసం నన్ను కమిటీ ముందు నవ్వులపాలు కమ్మంటావా? కొట్టెయ్."

ఆమె కొట్టెయ్యలేదు. "ఇల్లు కళ్ళారా చూడకుండా ఏ ఫారమూ కొట్టెయ్యకూడదని సర్వే నిబంధనల్లో మీరే రాశారు సార్. పదకొండో పేజీ."

ఆయనకి ఒళ్ళు మండింది. మూడు మెమోలకీ నోరు విప్పని మనిషి, ఎవరిదో ఊరూ పేరూ లేని ఫారం కోసం ఇంత పట్టు పట్టడమేమిటి? అయినా పదకొండో పేజీ రాసింది తనే. కాదనడానికి వీల్లేదు.

"పద. సర్వే మ్యాపులో ఈ నంబరు ఇల్లెక్కడో ఉంటుంది. ఇప్పుడే చూసొద్దాం."

కారెక్కిన రెండు నిమిషాలకే ఆమె తల కిటికీకి ఆనింది. పని వేళలో కునుకు. నాలుగో మెమోకి కావలసిన మాటలు డైరెక్టరుగారు మనసులో కూర్చుకోసాగారు. పేట మొదట్లోకి రాగానే మాత్రం ఎవరో తట్టి లేపినట్టు లేచి కూర్చుంది.

"ఎడమకి తిప్పన్నా," అంది డ్రైవరుతో. "ముందు గుంతుంది, లోతెక్కువ. గోడ పక్కనుంచి పోనియ్."

మ్యాపు ఇంత బాగా చదివే మనిషికి గడియారం చదవడం ఎందుకు రాదో డైరెక్టరుగారికి అంతుపట్టలేదు.

ఆ భవనానికి లిఫ్టు లేదు. మెట్లు ఇరుకు, పైగా తడి. ఆయన రెండో అంతస్తులో రెయిలింగు పట్టుకుని కాసేపు నిలబడిపోయారు. చేతిలో ఉన్నది ఒక్క ఫైలు. ఆమె అప్పటికే పైకి చేరి, ఆయన కోసం చూస్తోంది.

మూడో అంతస్తులో తలుపుకి తాళం వేసి ఉంది.

డైరెక్టరుగారికి పోయిన ఊపిరి తిరిగొచ్చింది. "చూశావా? ఇంట్లో పిట్ట లేదు."

"ఉద్యోగస్తురాలు కదా సార్. ఈ వేళకి ఆఫీసు పనిమీద ఉంటుంది."

"నేననేదీ అదే. ఆఫీసుకి వెళ్ళే మనిషి ఇన్ని మెట్లెక్కి నీళ్ళెప్పుడు మోస్తుంది? పిల్లల్నెప్పుడు చూస్తుంది? ఎవరో కూర్చుని అల్లిన కథమ్మా ఇది." ఫారాన్ని గోడకి ఆనించి ఎర్రకలం మూత తీశారు.

"సార్, ఒక్క నిమిషం."

"నీకన్నీ ఒక్క నిమిషాలే."

అప్పుడు కింద ట్యాంకరు హారను మోగింది. భవనమంతా తలుపులు దబదబా తెరుచుకున్నాయి. మెట్లమీద ప్లాస్టిక్ బకెట్లు ఒకదానికొకటి కొట్టుకుంటున్న చప్పుడు.

ఆమె డైరెక్టరుగారిని కాస్త పక్కకి జరగమని, తన హ్యాండ్‌బ్యాగులోంచి తాళంచెవి తీసి ఆ తలుపు తెరిచి, లోపల్నుంచి నాలుగు బకెట్లు తెచ్చి, రెండు ఆయన చేతికిచ్చింది.